బసవన్నల టోర్నమెంటు



టోర్నమెంటు అనే మాట వినగానే మనకేం గుర్తొస్తుంది? క్రికెట్టు, ఆ తర్వాత టెన్నిసు. టీవీలో ఛానెళ్లు తిప్పుతుంటే ఒక్కోసారి గోల్ఫు కూడా తగులుతుంది. తివాచీ పరిచినట్టు పచ్చగడ్డి. ఒకాయన చిన్న తెల్లబంతిని కొట్టబోతుంటాడు. చుట్టూ వేలమంది ఊపిరి బిగబట్టి నిలబడతారు. మాట్లాడవద్దని పలకలు కూడా ఎత్తి పట్టుకుంటారు. “ఇంత బంతిని అంత గుంటలో వేయడానికి ఇంత హంగామానా!” అని నవ్వుకుని మనం వంటింట్లోకి వెళ్లిపోతాం.

కాని ఆ ఆటకీ ఒక పుట్టుక వుంది. 1860లో స్కాట్లండులోని ప్రెస్ట్‌విక్ అనే వూళ్లో మొట్టమొదటి ఓపెన్ పోటీ జరిగింది. ఆడినవాళ్లు మొత్తం ఎనిమిదిమంది. వాళ్లేమీ జమీందారులు కారు. మైదానం చూసుకునేవాళ్లు, ఆటకర్రలు చేసేవాళ్లు, దొరల సామాను మోసేవాళ్లు. అందులో విల్లీ పార్క్ అనే ఆయన గెలిచాడు. ఆయనకి డబ్బు ఇవ్వలేదు, ఎర్రతోలు బెల్టు ఒకటి ఇచ్చారు. అది కూడా మళ్లీ పోటీ జరిగేదాకా అట్టేపెట్టుకోవడానికే. పని చేసుకునేవాళ్లు తమ పనితనాన్ని పదిమందిలో చూపించుకోవడంతో మొదలైన పోటీ ఇవాళ కోట్ల వ్యవహారమై కూర్చుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అచ్చం అలాంటి పుట్టుకే వున్న టోర్నమెంటు మన ఇంటి పెరట్లోనే వుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పండేది పత్తి, మిరప. అక్కడ గోల్ఫు గడ్డి సంగతి ఎవరికీ పట్టదు. కాని సంక్రాంతి వచ్చిందంటే, శివరాత్రి తిరునాళ్లు వచ్చాయంటే, ఉగాదికీ శ్రీరామనవమికీ పల్లెల్లో గోడల మీద ఒక పోస్టరు వెలుస్తుంది. “ఒంగోలు జాతి వృషభరాజముల బండలాగుడు బలప్రదర్శన పోటీలు” అని. కింద విభాగాలు, బహుమతులు, దాతల పేర్లు వుంటాయి. పట్నంలో స్థిరపడిన మనకి ఆ పోస్టరు కనపడకపోవచ్చు. కాని అందులో దాతల వరసలో మన మామగారి పేరో, మన మరిదిగారి పేరో వుండే అవకాశం మాత్రం చాలా వుంది. ఇవాళ మీతో మాట్లాడదలచుకున్నది ఆ పోటీ గురించే.

ముందు ఈ పోటీ ఎలా జరుగుతుందో చూద్దాం. నేల చదును చేసి పొడుగ్గా ఒక బరి కడతారు. రెండు మూడు వందల అడుగుల పొడవు వుంటుంది. రెండువైపులా దడి. మధ్యలో నలుపలకలుగా చెక్కిన పెద్ద రాతిబండ. కాడికి కట్టిన ఎడ్ల జత ఆ బండని ఈ చివరినుంచి ఆ చివరికి లాగాలి. అక్కడ తిప్పుకుని మళ్లీ ఇటు రావాలి. పది నిమిషాలో, ఇరవై నిమిషాలో, ఆ విభాగానికి పెట్టిన గడువు అయ్యేవరకు లాగుతూనే వుండాలి. గడువు ముగిసేసరికి మొత్తం ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. మాటవరసకి బరి 250 అడుగులనుకోండి. పన్నెండు సార్లు పూర్తిగా లాగి, పదమూడోసారి 130 అడుగుల దగ్గర ఈల మోగిందనుకోండి. అప్పుడు ఆ జత లెక్క 3,130 అడుగులు. టేపు పెట్టి కొలుస్తారు, మైకులో చెప్తారు, పలక మీద రాస్తారు.

ఇందులో ఒక తమాషా గమనించారా? రెండు జతలు ఎప్పుడూ ఎదురుపడవు. కోడిపందెంలోలాగా ఒకదాన్నొకటి పొడుచుకోవడం లేదు. చీటీలు తీసి, వచ్చిన వరసలో ఒక్కొక్క జత ఒంటరిగా బరిలోకి వస్తుంది. దాని పోటీ ఆ నేలతో, ఆ బండతో, ఆ గడియారంతో. గోల్ఫూ సరిగ్గా ఇంతే. అక్కడా ఎవరి బంతి వాళ్లు కొట్టుకుంటారు, చివర్లో లెక్క చూస్తారు. అక్కడ దెబ్బలు ఎంత తక్కువైతే అంత గొప్ప, ఇక్కడ అడుగులు ఎంత ఎక్కువైతే అంత గొప్ప. తేడా అంతే.

విభాగాలు ఎలా చేస్తారంటే, పళ్లను బట్టి. మన పిల్లలకి పాలపళ్లు వూడి గట్టిపళ్లు వచ్చినట్టే పశువులకీ వస్తాయి. రెండేళ్లు దాటేసరికి కింది దవడ ముందువైపు పాలపళ్లు రెండు వూడి, పెద్దపళ్లు రెండు వస్తాయి. ఆ తర్వాత ఏడాదికి అటూ ఇటూగా ఒక్కో జత చొప్పున నాలుగు, ఆరు అవుతాయి. నాలుగు నాలుగున్నర ఏళ్లకి ఎనిమిదీ పూర్తవుతాయి. పళ్లు చూసి వయసు చెప్పడం రైతులకి వెన్నతో పెట్టిన విద్య. అందుకనే పోటీల్లో పాలపళ్లు, రెండుపళ్లు, నాలుగుపళ్లు, ఆరుపళ్లు అని విభాగాలు పెడతారు. పైవాటికి జూనియర్లు, సీనియర్లు అని పేర్లు. వయసు పెరిగినకొద్దీ బండ బరువు పెరుగుతుంది. బడిలో తరగతుల్లాగా అన్నమాట.

మరి ఈ పోటీ ఇక్కడే ఎందుకు పుట్టింది? నేలని అడిగితే చెప్తుంది. నల్లరేగడి తడిస్తే జిగురు, ఎండితే రాయి. నెర్రెలు విచ్చిన ఆ నేలలో నాగలి దిగాలన్నా, గుంటక తోలాలన్నా చిన్నాచితకా పశువులవల్ల కాదు. గుండ్లకమ్మ, పాలేరు, మూసి, మన్నేరు వాగుల నడుమ రైతులు తరతరాలుగా ఏరి ఏరి పెంచుకున్న జాతి ఒంగోలు జాతి. తెల్లటి ఒళ్లు, ఎత్తయిన మూపురం, వేలాడే గంగడోలు, కురచ కొమ్ములు, కాటుక దిద్దినట్టు కళ్లు. అరటన్నుకి పైగా తూగే గిత్త అయినా, ఇంట్లో పసివాడు పలుపు పట్టుకుంటే వెంట నడుస్తుంది.

కోతలు అయిపోయి, పంట ఇల్లు చేరాక పశువుకీ మనిషికీ కాస్త తీరిక దొరుకుతుంది. ఎవరి ఎడ్లు గట్టివి అన్న మాట రచ్చబండ దగ్గర వస్తుంది. మాటలు ఎందుకు, లాగించి చూద్దాం అంటారు. పొలంలో పనికి పెంచుకున్న బలమే వినోదమైంది. కనుమనాడు పశువులకి కొమ్ములు కడిగి, పసుపు పూసి, పూలదండలు వేసే పద్ధతి ఎలాగూ వుంది. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ తిరునాళ్లకి ఆకాశాన్నంటే ప్రభలు కట్టి, వాటిని ఎడ్లచేత లాగించుకుని కొండ దగ్గరికి చేర్చిన రోజుల్లో ఏ వూరి ప్రభ ముందు చేరిందన్నది ఏ వూరి ఎడ్లు గొప్పవన్న మాటే. ఆ గొప్పే బరిలోకి వచ్చి, కాలక్రమాన రూళ్లు, విభాగాలు, నగదు బహుమతులతో టోర్నమెంటు అయింది.

ఆ వాతావరణం ఒకసారి చూసితీరాలండీ. మిరప కోతల రోజులైతే ఆ దారి పొడుగునా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి వుంటాయి. ఘాటుకి ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని నడవాలి. బరి దగ్గరికి చేరేసరికి దుమ్ము, మైకులో పాటలు, చెరుకురసం బండి, మిరపకాయ బజ్జీల పొయ్యి, పీచుమిఠాయి వాడి గంట. చింతచెట్ల కింద లారీల్లోంచి దింపిన జతలు. వాటి మీద పట్టుగుడ్డలు, మెడలో మువ్వలు, నుదుట కుంకుమ. కృష్ణాజిల్లానుంచీ, నల్గొండ వైపునుంచీ, కర్నూలు వైపునుంచీ వచ్చినవాళ్లు తమ జత దగ్గరే చాపలు పరుచుకుని వండుకుంటూ వుంటారు. పెళ్లివారి విడిది అనుకోండి.

జత బరిలోకి వచ్చేటప్పుడు యజమాని పేరు, వూరి పేరు మైకులో చదువుతారు. అంతవరకు గోలగా వున్న జనం ఒక్క క్షణం చప్పున ఆగిపోతారు. కాడి మెడ మీద పడుతుంది. గొలుసు బిగుస్తుంది. ఎడ్లు రెండూ తల దించి, ముందుకాళ్ల మీద బరువు వేసి, ఒక్క వూపు వూపుతాయి. బండ కదులుతుంది! అక్కడ లేస్తుంది చూడండి కేక, మామిడి చెట్ల మీద కాకులు లేచిపోవాలి. గోల్ఫులో బంతి కొట్టేదాకా నిశ్శబ్దం, కొట్టాక చప్పట్లు. ఇక్కడా అంతే, కాకపోతే చప్పట్లకి బదులు ఈలలు, తువాళ్లు గిరగిరా తిప్పడం. చివరి రెండు నిమిషాల్లో మైకులో మాట్లాడే ఆయన గొంతు బొంగురుపోయి వుంటుంది. పెద్ద విభాగాల పోటీలు చీకటి పడ్డాక ఫ్లడ్‌లైట్ల వెలుగులో అర్ధరాత్రి దాకా సాగడం మామూలే.

ఇక తెర వెనక్కి వెళదాం. తెర వెనక ఎవరుంటారో మీరు ఈపాటికి పోల్చుకునే వుంటారు.

పందెపు ఎద్దుకి మేత అంటే మామూలు మేత కాదు. జొన్నచొప్ప, పచ్చిగడ్డి, తవుడు సరే. పైన ఉలవలు ఉడకబెట్టి పెట్టాలి. పత్తిగింజలు నానబెట్టి రుబ్బి పెట్టాలి. పత్తి పండే సీమ కాబట్టి గింజలకి కొదవలేదు, రుబ్బే చేతులకే పని. బెల్లం, నువ్వులు, కోడిగుడ్లు, నెయ్యి, ఖర్జూరాలు పెట్టేవాళ్లూ వున్నారు. పిల్లవాడి పరీక్షలప్పుడు మనం బాదంపప్పు నానబెట్టినట్టు! తెల్లారగట్ల పొయ్యి మీద ఉలవల కుండ పెట్టేది ఎవరు? కుడితి కలిపేది ఎవరు? పేడ ఎత్తి కొట్టం వూడ్చేది ఎవరు? ఎద్దుకి జ్వరమొస్తే ముందు కనిపెట్టేది ఎవరు? ఇంటి ఇల్లాలే. బహుమతి ఇచ్చేటప్పుడు వేదిక మీద శాలువా ఎవరికి కప్పుతారో కూడా మీకు తెలుసు. ఈమధ్య కొన్నిచోట్ల ఆడవాళ్ల పేరు మీద కూడా జతలు బరిలోకి వస్తున్నాయి. సంతోషించవలసిన విషయమే. కాని పేరుతోపాటు లెక్క కూడా ఆమె చేతికి రావాలి.

లెక్క అన్నాను కాబట్టి, మనకి అలవాటైన ఇంటిలెక్క ఒకటి వేద్దాం. జతకి మేత, మనిషి కూలి, మందూమాకూ కలిపి రోజుకి వెయ్యి రూపాయలు అనుకుందాం, మాటవరసకే. ఏడాదికి 3,65,000. ఒక పోటీలో మొదటి బహుమతి 50,000 అనుకుంటే, ఏడాదిలో ఏడుసార్లు మొదటి స్థానం కొట్టినా ఇంకా 15,000 తక్కువే. లారీ బాడుగలు ఇందులో కలపలేదు. మరి ఎందుకు పెంచుతారు? పేరు కోసం. గెలిచిన జతకి ధర లక్షల్లో పలుకుతుంది కదా అన్న ఆశ కోసం. వుండి పెంచుకునేవాళ్ల సంగతి వేరు. లేక అప్పు చేసి పెంచేవాళ్లు, బరి పక్కన పైపందేలు కాసి పత్తి డబ్బు పోగొట్టుకునేవాళ్లు, వీళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు మాత్రం ఆ చప్పట్లు విని సంతోషించలేరు. పోటీ చూడటం వేడుక. పైపందెం కాయడం ఇల్లు గుల్ల చేసుకోవడం. ఈ రెండూ ఒకటి కాదని మన పిల్లలకి స్పష్టంగా చెప్పాలి.

ఇప్పుడు ఇంకో సంగతి. ఈ ఒంగోలు గిత్త ఎంత దూరం వెళ్లిందో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. 1868లో బ్రెజిల్ దేశంలోని సాల్వడార్ రేవులో ఆగిన ఓడలోంచి ఒక జత దిగిందని ఆ దేశం వాళ్లు రాసుకున్నారు. తర్వాత కూడా కొన్ని వెళ్లాయి. అక్కడ వీటిని “నెలోరె” అంటారు. నెల్లూరు అన్నమాట! 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేవరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే వుండేది మరి. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది, టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు 1972లో పెట్టారు. ఆ వెనకటి పేరు సముద్రం దాటి అలాగే నిలిచిపోయింది. ఒంగోలు దగ్గర కరవది అనే వూరుంది. 1960ల తొలి సంవత్సరాల్లో ఆ వూరి పేరుతోనే ఒక ఆబోతు బ్రెజిల్ వెళ్లింది. అక్కడి మందల్లో దాని సంతతి లెక్కలేనంత. అమెరికాలో బ్రాహ్మన్ అనే పశుజాతిని తయారుచేయడంలో కూడా మన జాతి నెత్తురు కలిసింది.

2023లో బ్రెజిల్‌లో వియాటినా-19 అనే నెలోరె ఆవులో మూడోవంతు వాటా అమ్మారు. ఆ లెక్కన ఆ ఒక్క ఆవు విలువ 43 లక్షల డాలర్లు అయింది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మన పుట్టింటి పిల్ల పరాయిదేశంలో మహారాణి అయిందన్నమాట. అక్కడ ఆ జాతిని ప్రధానంగా మాంసం కోసం పెంచుతారు, అది వేరే సంగతి. కాని జాతిని నిలబెట్టడం, ఏ ఆవు ఏ ఆబోతు సంతానమో పుస్తకాల్లో రాసి పెట్టుకోవడం, ఈ శ్రద్ధ మాత్రం మెచ్చుకోవలసిందే.

మరి పుట్టింట్లో ఏమవుతోంది? 2002లో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగినప్పుడు చిహ్నంగా గిత్త బొమ్మ పెట్టి “వీర” అని పేరు పెట్టుకున్నాం. గుంటూరు దగ్గర లాం ఫారంలో, ప్రకాశం జిల్లా చదలవాడలో ఈ జాతిని కాపాడే పని ప్రభుత్వం తరఫున జరుగుతూ వస్తోంది. కాని పల్లెల్లో కొట్టాలు ఖాళీ అవుతున్నాయి. కారణం రహస్యమేమీ కాదు. ట్రాక్టరు వచ్చింది. ఎడ్లతో నాలుగు రోజులు పట్టే దుక్కి అది గంటల్లో తేల్చేస్తుంది, దున్నని రోజు మేత అడగదు. రైతుని తప్పుపట్టడానికి లేదు. కవ్వం పక్కన పెట్టి మనం మిక్సీ కొనుక్కోలేదా?

ఈ పోటీలే లేకపోతే ఆ మిగిలిన గిత్తలు కూడా వుండవు అని నిర్వాహకులు అంటారు. ఆ మాటలో నిజం వుంది. పొలంలో పని పోయాక మంచి గిత్తని లక్షలు పోసి కొని, కంటికి రెప్పలా చూసుకునే కారణం ఒక్క పందెమే. కాని నిజం అంతటితో ఆగిపోదు. గిత్త ఆకాశంలోంచి వూడిపడదు కదా! దానికి తల్లి వుంది. ఒంగోలు ఆవు గేదె ఇచ్చినన్ని పాలు ఇవ్వదు, సంకరజాతి ఆవు ఇచ్చినన్నీ ఇవ్వదు. పాలకేంద్రంలో లెక్కకి రాదు, పొలంలో పనికి రాదు, బరిలో పిలుపు రాదు. దాంతో మంచి కోడెదూడ పుడితే కొనడానికి బేరాలు వస్తాయి. పెయ్యదూడ పుడితే ఇంట్లోవాళ్లు మాట్లాడకుండా వూరుకుంటారు. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ మనకి? తల్లిని నిలబెట్టకుండా కొడుకుల బలం చూసి చప్పట్లు కొడితే ఆ జాతి ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇక హింస సంగతి. దీన్ని దాటవేసి మాట్లాడటం న్యాయం కాదు. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించే చట్టం 1960లో వచ్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్లబండి పందేలు కూడదని తీర్పు ఇచ్చింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలు సవరించుకున్నాయి. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయంది. మా పోటీ పరుగుపందెం కాదు, బలప్రదర్శన అని మన నిర్వాహకులు అంటారు. బరువు మోయించడమే హింస అని జంతుప్రేమికులు అంటారు. ఈ తగువు తేల్చేంత పెద్దరికం నాకు లేదు. కాని ఒక తల్లిగా బరి పక్కన నిలబడితే కొన్ని విషయాలు కంటికి కనపడతాయి.

పనిచేసే ఎద్దుకి బండ లాగడం చేతనవుతుంది. బాగా మేపి, రోజూ కొంచెం కొంచెం అలవాటు చేసిన జత ఉత్సాహంగానే లాగుతుంది. చెవులు ముందుకి పెట్టి, అడుగు సరిగ్గా వేస్తుంది. అలసిపోయిన జత వేరు. నోట నురగ, వణికే తొడలు, నేలకి వాలిపోయే తల. అలాంటప్పుడు ఆపేసేవాడు పెద్దమనిషి. అడుగు కోసం ముల్లుగర్రతో పొడిచేవాడు, తోక మెలిపెట్టేవాడు, చర్నాకోలతో బాదేవాడు గెలిచినా ఓడినట్టే. మంచి నిర్వాహకులు ముల్లుగర్రని బరిలోకి రానివ్వరు, పశువైద్యుణ్ణి పక్కనే వుంచుతారు. పక్కన కూర్చున్న మన పిల్లవాడు ఇవన్నీ చూస్తూ వుంటాడు. కొట్టినప్పుడు జనం కేక వేస్తే కొట్టడమే గొప్పనుకుంటాడు. కొట్టినప్పుడు జనం “ఛీ” అంటే వాడూ “ఛీ” అనడం నేర్చుకుంటాడు. ఏది నేర్పాలన్నది మన చేతుల్లో వుంది.

“మేం పట్నంలో వుంటాం, మా చేతుల్లో ఏముందండీ?” అంటారేమో. చాలా వుంది. మొదట్లో చెప్పానుగా, పోస్టరు మీద దాతల వరస గురించి. పండుగకి పది రోజుల ముందు వూళ్లోంచి ఫోను వస్తుంది. “నాన్నగారి జ్ఞాపకార్థం ఫలానా విభాగంలో మొదటి బహుమతి మీ పేరు మీద రాసుకుంటాం” అంటారు. మీవారు సరే అనేస్తారు. ఆ డబ్బు మన ఇంటి డబ్బే కదా? ఇచ్చే ముందు మూడు మాటలు చెప్పించండి.

మొదటిది, మా బహుమతి వున్న విభాగంలో ముల్లుగర్ర, తోక మెలిపెట్టడం కనపడితే ఆ జతని పోటీలోంచి తీసేయాలి. ఆ మాట పోస్టరు మీద అచ్చువేయాలి, మైకులో చదవాలి. రెండోది, నీడ, నీళ్లు, పశువైద్యుడు వుండాలి. ఎండాకాలమైతే పొద్దుటిపూటో, చల్లబడ్డాకనో పోటీ పెట్టాలి. నడి మధ్యాహ్నం వద్దు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. మా డబ్బులో సగం గిత్తలకి, సగం మంచి ఒంగోలు ఆవుకీ దాని పెయ్యదూడకీ బహుమతిగా ఇవ్వాలి. ఆ బహుమతి ఆ ఆవుని సాకిన ఇల్లాలి చేతికే, వేదిక మీద, అందరూ చూస్తుండగా అందాలి.

ఇందుకు కొత్త చట్టాలు అక్కర్లేదు. ఇచ్చేవాళ్లు అడిగితే పుచ్చుకునేవాళ్లు వింటారు. ఒక వూళ్లో ఆవుకి బహుమతి మొదలైతే పక్క వూరివాళ్లు అంతకంటే పెద్ద బహుమతి పెడతారు. వూళ్ల మధ్య పంతం సంగతి మీకు తెలియనిది కాదు. ఆ పంతాన్నే మంచిపనికి వాడుకుందాం.

ఇంకొక్క మాట. వచ్చే సంక్రాంతికి వూరు వెళితే పిల్లల్ని బరి దగ్గరికి తీసుకువెళ్లండి. నెత్తికి టోపీ, మంచినీళ్ల సీసా మరచిపోకండి. దుమ్ముకి చేతిగుడ్డ వుంచుకోండి. దడికి మరీ దగ్గరగా నిలబడవద్దు, బెదిరిన పశువు ఎటు తిరుగుతుందో చెప్పలేం. ఎర్రగుడ్డ చూస్తే ఎద్దు పొడుస్తుందని పిల్లల్ని భయపెట్టకండి. ఎడ్లకి ఎరుపు రంగు సరిగా తెలియనే తెలియదు, అవి బెదిరేది గుడ్డ ఆడించడానికి. పోటీ మొదలయ్యే ముందు చింతచెట్ల కిందికి తీసుకువెళ్లి, యజమానిని అడిగి, ఎద్దు మూపురం మీద చెయ్యి వేయించండి. పళ్లు చూసి వయసు ఎలా చెప్తారో అడగండి. వాళ్లు ఎంత సంతోషంగా చెప్తారో చూడండి. నాగలి బొమ్మ పుస్తకంలో తప్ప చూడని పిల్లలకి, మనం కట్టుకున్న నూలుచీర వెనక, మనం దంచుకున్న కారం వెనక ఈ మూపురం బలం ఎన్ని తరాలుగా వుందో అప్పుడు చెప్పండి.

గోల్ఫు పోటీ మొదలుపెట్టినవాళ్లు గడ్డిని కాపాడుకున్నారు కాబట్టి వాళ్ల ఆట నూటయాభై ఏళ్లు దాటి నిలిచింది. మన పోటీ నిలవాలంటే కాపాడుకోవలసింది గోవుని. కొట్టంలో ఆవు వున్నన్నాళ్లే బరిలో గిత్త.

పండుగ ఫోను వచ్చినప్పుడు ఆ మూడు మాటలు మరచిపోరుగా?